వేవిళ్ళకు ముందు సీటు

ఆ రోజు పొద్దున ఆయన చేసిన ఆఖరి పని నిమ్మకాయ కోయడం.

రోజూ చేసేదే. చిన్న చాకుతో కాయను అడ్డంగా కోసి, ఒక చెక్కను సాసర్లో బోర్లించి, పక్కన రెండు రస్కులు పెట్టి, కోడలి మంచం పక్కనున్న స్టూలు మీద చప్పుడు కాకుండా ఉంచేవాడు. రెండో చెక్కను వంటింట్లోనే గిన్నె కింద మూసి మధ్యాహ్నానికి దాచేవాడు. తర్వాత గది బయటికి వెళ్ళి వేళ్ళ కణుపులతో గోడ మీద రెండుసార్లు కొట్టేవాడు. బండి కదలొచ్చని డ్రైవరుకు చెప్పడానికి కండక్టర్లు బస్సు రేకు మీద కొడతారే, ఆ దెబ్బలు. లేవొచ్చు, కానీ మెల్లిగా లే అని దానికి ఆ ఇంట్లో అర్థం.

ఆ రోజు కూడా రెండు దెబ్బలూ వినబడ్డాయి. కోడలు కళ్ళు తెరిచి, తల దిండు మీంచి ఎత్తకుండానే రస్కు అందుకుంది. తలుపు సందులోంచి ముందు గది కిటికీ దగ్గర ఆయన కనబడ్డాడు. రెండో చెక్క ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డాడు. కాయ బాగుందో లేదో చూసుకుంటున్నాడు కాబోలు అనుకుందామె. సంతలో ఎవడో వాడిపోయిన కాయలు అంటగట్టాడని ముందు రోజంతా సణిగాడు మరి. ఆమె రస్కు నమలడంలో పడిపోయింది. పిండి అయ్యేదాకా నమిలి, అప్పుడు మింగి, కాసేపు ఆగి మళ్ళీ కొరకాలి. అది కూడా ఆయన నేర్పిందే.

ఆమె లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. తల గోడకు ఆనించి ఉంది. నిమ్మచెక్క కుర్చీ కింద పడి ఉంది. "మావయ్యా, ఇవాళ రస్కు నిలిచింది" అని చెప్పిందామె. ఆయన పలకలేదు. కునుకు పట్టిందేమోనని, నిమ్మచెక్క తీసి పక్కన పెడదామని వంగింది. అప్పుడు ఆయన చెయ్యి తగిలింది.

ఆయన కొండ దారి బస్సులో కండక్టరు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఒకటే రూటు. ఊరు దాటగానే కొండ ఎక్కడం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, మధ్యలో పాములా మెలికలు తిరిగే రోడ్డు. మొదటి మలుపు దాటేలోపే పిల్లలు వాంతి మొదలుపెట్టేవాళ్ళు. మూడో మలుపుకు పెద్దవాళ్ళు అందుకునేవాళ్ళు. డిపోలో ఆయన్ని 'తలుపాయన' అనేవారు. కండక్టరుకు వెనకాల సీటుంటుంది. ఆయన దాంట్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. టికెట్లు కొట్టడం అవగానే వచ్చి ముందు తలుపు దగ్గర మెట్టు మీద, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, మొహానికి గాలి తగిలేట్టు నిలబడేవాడు. వాన పడ్డా అంతే, చలికి పళ్ళు కొట్టుకున్నా అంతే. ఆయనకు డ్యూటీ పిచ్చి అని కొందరనేవారు. కుర్రకారు మాత్రం, హీరోననుకుంటున్నాడని వెనక నవ్వుకునేవాళ్ళు.

ఆయనకు జతగా బండి నడిపిన డ్రైవరుకు 'సగంబ్రేకు' అని పేరు. మలుపు రాకముందే స్లో చేసేవాడని, ఆ బస్సెక్కితే పెళ్ళికి బయల్దేరినవాళ్ళు బారసాలకు చేరతారని ప్రయాణికులు తిట్టుకునేవాళ్ళు. ఇంట్లో అన్నం దగ్గర ఈ కబుర్లు చెప్పి ఆయన కూడా నవ్వేవాడు.

"మా నాన్నది రాతి కడుపు" అని కొడుకు అందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు. "బస్సంతా కక్కుతున్నా ఆయన మధ్యలో నిలబడి చిల్లర లెక్క చూసుకునేవాడు. రెప్ప కూడా వేసేవాడు కాదు." ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన చొక్కా సర్దుకునేవాడు. అవుననీ కాదనీ అనేవాడు కాదు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎక్కడ లిఫ్టు ఆగితే అక్కడికి పరిగెత్తాలి. కోడలిది బైండింగు షాపులో పని. కాగితాలు పేర్చడం, కుట్టడం, అట్టకు జిగురు రాసి బరువు కింద పెట్టడం. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో ఆయన, లోపలి గదిలో వాళ్ళిద్దరూ.

కోడలికి అంతకు ముందు ఒకసారి కడుపు నిలిచింది. మూడో నెలలో పోయింది. అప్పుడు కూడా ఇలాగే వేవిళ్ళు. మంచినీళ్ళు తాగినా బయటికే. పోయిన తర్వాత డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. "అది నువ్వు తినకపోవడం వల్ల పోలేదమ్మా. వాంతులకీ దానికీ సంబంధం లేదు. నువ్వు ఏం చేసినా ఆగేది కాదు." ఆ మాటలు ఆమె చెవులు విన్నాయి. మనసు వినలేదు. బిడ్డ తన లోపల పస్తుండి పోయిందని ఆమె నమ్మకం. అందుకే రెండోసారి వేవిళ్ళు మొదలవగానే, బయటికి వచ్చే ప్రతి ముద్దతోనూ బిడ్డే కొంచెం కొంచెం వచ్చేస్తున్నట్టు వణికిపోయేది. ఏదో ఒకటి, ఎంతో కొంత, లోపల నిలవాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఆమె ఆలోచన అదొక్కటే.

కొడుకు చేతులెత్తేశాడు. "నాన్నా, నాకేం తోచట్లేదు. నువ్వే చూడు."

"చూస్తాలేరా. ఇన్నేళ్ళూ నేను చేసిన ఉద్యోగం ఏంటనుకున్నావ్? టికెట్లు కొట్టడం సగం, కక్కేవాళ్ళని చూసుకోవడం సగం."

ఆయనకు తెలిసిన వాంతులు బస్సు వాంతులు. అందుకని వేవిళ్ళను కూడా బస్సు వాంతుల్లాగే పట్టుకున్నాడు. ముందు కోడలి మంచం తిప్పించాడు. తల గోడ వైపు, చూపు కిటికీ వైపు. కిటికీలోంచి దూరంగా నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. కడుపులో తిప్పినప్పుడు దాన్నే చూడమన్నాడు. మంచం కోడుకు మేకు కొట్టి ప్లాస్టిక్ సంచులు తగిలించాడు.

"మావయ్యా, ఇది మంచం. ఎక్కడికీ పోదు" అంది కోడలు.

"మంచం పోదమ్మాయ్. నీ కడుపు బయల్దేరిందిగా ఘాట్ రోడ్డు మీద. దానికి ముందు సీటు ఇచ్చా."

కొడుకు పగలబడి నవ్వాడు. "టికెట్టు కూడా కొట్టు నాన్నా."

"నీకు కొడతా. నువ్వు మొన్నటి నుంచి ఫ్రీగా తిరుగుతున్నావ్."

అన్నీ పనిచేశాయని కాదు. బస్సులో కిటికీ తీస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆ లెక్కన మొదటి రోజే కిటికీ రెక్కలు బార్లా తీశాడు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ చేపలు వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసన తిన్నగా మంచం మీదికే వచ్చింది. ఆ పూట సంచులన్నీ అయిపోయాయి. ఆయన మొహం మాడ్చుకుని కిటికీ మూసి, పక్కింటి తలుపు తట్టాడు.

"ఏంటన్నయ్యగారూ, మా ఇంట్లో పొయ్యి మీ బస్సు టైముల ప్రకారం వెలిగించాలా?"

"ఏం వండాలో నీ ఇష్టం చెల్లెమ్మా. ఎప్పుడు వండాలో బతిమాలుతున్నా. మా అమ్మాయి షాపుకెళ్ళాక వేయించుకో."

"నాకేంటి లాభం?"

"బాగున్నాయని పది మందికి చెప్తా."

"రుచి చూడకుండానే?" అని ఆవిడ నవ్వి, మర్నాటి నుంచి పొయ్యి వేళ మార్చుకుంది. ఒక రోజు గిన్నెడు చేపలు పంపింది కూడా. ఆయన పన్ను నొప్పని చెప్పి గిన్నెంతా కొడుకు ముందుకు తోశాడు.

కొన్ని మాత్రం పనిచేశాయి. తల ఎత్తకముందే పొడి రస్కు తినడం. కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా మధ్య మధ్యలో కాస్త ఏదో నోట్లో వేసుకోవడం. తినేటప్పుడు నీళ్ళు తాగకుండా, తర్వాత గుక్క గుక్కగా తాగడం. అన్నం వేడిగా కాక చల్లారాక తినడం, వేడి మీద వాసన ఎక్కువ కొడుతుంది గనక. నిమ్మతొక్కను గోటితో గీరి వాసన చూడటం. వేడినీళ్ళలో అల్లం ముక్క వేసి, చల్లారాక తాగడం. అల్లం విషయంలో ఒకసారి ఉత్సాహం ఎక్కువై గుప్పెడు దంచి పోశాడు. అది గొంతు దిగకముందే తిరిగొచ్చింది. డాక్టరమ్మను అడిగితే, అల్లం మంచిదే గానీ కొంచెమే వాడమంది. ఇంకో మాట గట్టిగా చెప్పింది. రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు ముదురు రంగులో వచ్చినా, కళ్ళు తిరిగినా, నిమ్మకాయలు పట్టుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే రమ్మంది.

అలాంటి రోజు కూడా వచ్చింది. పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు నిలవలేదు. కోడలు గోడ పట్టుకుని నడుస్తుంటే ఆయన నిమ్మచెక్క అవతల పెట్టేశాడు. "ఇది నా రూటు కాదమ్మాయ్. పద" అని ఆటో పిలిచాడు. ఆసుపత్రిలో సెలైన్ బాటిలు సగమైంది. ఆమె కళ్ళు మూసుకునే అడిగింది.

"ఇది ఎప్పటికి తగ్గుతుంది మావయ్యా? ఇదీ నిలవదా?"

పక్కన బల్ల మీద కూర్చున్న ఆయన ముందుకు జరిగాడు.

"కొండ మీది పై ఊరు ఎప్పుడొస్తుందని అడిగినవాడే ముందు కక్కుతాడు తల్లీ. నేను చూశాగా. ఇంకా ఎంత దూరం, ఇంకా ఎన్ని మలుపులు అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. వాళ్ళకి నేను పై ఊరి మాట చెప్పేవాణ్ణి కాదు. ఇదిగో, వంతెన వస్తుంది, అదొక్కటీ దాటుదాం అనేవాణ్ణి. వంతెన దాటాక టీ కొట్టు. టీ కొట్టు దాటాక రాళ్ళ క్వారీ. నువ్వు కూడా అంతే. ఇప్పుడు నీకు ఈ బాటిలే స్టాపు. ఇది అయ్యాక చూద్దాం."

ఆ రోజు నుంచి ఇంట్లో స్టాపులు పుట్టాయి. రస్కు స్టాపు, స్నానం స్టాపు, షాపులో జిగురు గిన్నె మూత తీసే స్టాపు. అది అన్నిటికన్నా కష్టమైంది. మధ్యాహ్నం ఆయన నిమ్మచెక్క తీసుకుని షాపుకే వచ్చేవాడు. అట్టల కట్టల పక్కన ఒక నిమిషం నిలబడి, "క్వారీ దాటామా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఆయన కూడా ఆమెతో పాటు రస్కులే తినేవాడు. నీకు తోడుగా అనేవాడు. ఆఖరి వారంలో అన్నం పూర్తిగా తగ్గించేశాడు. అదీ తోడే అనుకున్నారు అందరూ.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, తిన్నదంతా పోయి గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు, ఆమె విసుక్కుంది. గట్టిగా కూడా కాదు, నీరసంగా.

"ట్యాంకు చూడు, వంతెన దాటు అంటారు. మీరు పక్కన నిలబడి చూసినవాళ్ళు మావయ్యా. లోపల ఎలా ఉంటుందో మీకేం తెలుసు? మీది రాతి కడుపు."

ఆయన అల్లం తొక్క గీస్తున్నాడు. చాకు ఆగింది. మళ్ళీ నడిచింది.

"అవును తల్లీ, నాకేం తెలుసు" అన్నాడు. కాసేపటికి, అల్లం వంక చూస్తూనే మళ్ళీ అన్నాడు. "అయినా ఒకటి చెప్తా, చేసి చూడు. వాంతి వచ్చే ముందు చెవుల కింద చల్లబడుతుంది, నోట్లో నీళ్ళు పలచగా ఊరతాయి. అప్పుడు ఊపిరి గబగబా పీల్చకు. అందరూ అదే చేస్తారు. మెల్లిగా వదులు. వదులుతూ పో."

మర్నాడు షాపులో జిగురు గిన్నె ముందు ఆమె చెవుల కింద నిజంగానే చల్లబడింది. అప్పటిదాకా ఆ సంగతి తను కూడా గమనించుకోలేదు. ఊపిరి వదిలింది. వదులుతూ పోయింది. లోపలిది లోపలే ఉండిపోయింది. పాపం ఏ ప్రయాణికుడో చెప్పి ఉంటాడు ఆయనకు అనుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. ఆయన మొహం వెలిగింది. "చెప్పాగా" అన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ పొద్దు.

గుండె అన్నారు. కొడుకు ఆసుపత్రి వరండాలో నిలబడి, నిన్న కూడా మెట్లెక్కి వచ్చాడని, నొప్పి అన్న మాటే అనలేదని డాక్టరుతో అంటున్నాడు. డాక్టరు వయసులో చిన్నవాడు. అలాంటివి చెప్పడం ఇంకా అలవాటు కానట్టున్నాడు. "అందరికీ నొప్పిగా రాదండీ. కొందరికి కడుపులో తిప్పినట్టు, వికారంగా ఉంటుంది అంతే. తిండి సయించకపోవడం, వాంతి వచ్చేట్టుండటం... ఈ మధ్య అలాంటిదేమైనా కనబడిందా మీకు?"

"మా నాన్నకా?" అన్నాడు కొడుకు. "ఆయనకి అలాంటివి ఉండవు."

కోడలు బల్ల మీద కూర్చుని ఉంది. కుర్చీ కింద పడి ఉన్న నిమ్మచెక్క ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో వికారం అంటే ఏమిటో ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. మూడు గజాల దూరంలో మనిషి వికారంతో నిలబడి ఉంటే, కాయ బాగుందో లేదో చూస్తున్నాడనుకుంది.

ఆ తర్వాత రోజులు చెప్పుకునేట్టు లేవు. వేవిళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. రస్కు నోట్లో మట్టిలా ఉండేది. కొడుకు తండ్రి చేసినట్టే చేయాలని, పొద్దున్నే లేచి నిమ్మకాయ నిలువుగా కోసి, గింజలతో సహా తెచ్చి పెట్టాడు. గోడ మీద కొట్టాడు. తలుపు తడుతున్నట్టుంది ఆ చప్పుడు. ఆమె దిండులో మొహం దాచుకుంది. మర్నాటి నుంచి అతను గోడ ముట్టుకోలేదు. రస్కులు మాత్రం మానలేదు.

ఆమె భయం ఇప్పుడు రెండింతలైంది. ఏడిస్తే వాంతి, వాంతి అయితే ఏడుపు. ఈ రెంటి మధ్య బిడ్డ ఏమవుతుందో. ఒక పొద్దున మంచం మీద నుంచి నీళ్ళ ట్యాంకు వంక చూస్తూ, తనే గట్టిగా అనుకుంది, ఇప్పుడు రస్కు స్టాపు అని. రస్కు తిన్నాక స్నానం స్టాపు. పై ఊరి మాట ఎత్తకుండా, ఏ పూటకాపూట అలాగే నడిచింది. పక్కింటావిడ రోజూ చల్లారిన అన్నం గిన్నె తెచ్చి, ఏమీ అడగకుండా, బల్ల మీద పెట్టి పోయేది. చేపలు వేయించడమే మానేసింది.

నాలుగో నెల దాటుతుండగా, ఒక రోజు జిగురు గిన్నె మూత తీసి, పని సగం అయ్యాక గుర్తొచ్చిందామెకు, ఇవాళ కడుపులో తిప్పలేదని. ఎవరికి చెప్పాలో తెలియక అట్ట మీద జిగురు రాస్తూనే ఉండిపోయింది. స్కానింగులో బిడ్డ నిక్షేపంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక కొడుకు ఖాళీ కుర్చీ వంక చూశాడు. ఆమె చూడలేదు.

ఐదో నెలలో సగంబ్రేకు డ్రైవరు వచ్చాడు. ఆయన పోయినప్పుడు అతను దూరాన కూతురింట్లో ఉన్నాడు, కబురు ఆలస్యంగా అందింది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. రెండంతస్తులెక్కి ఆయాసపడుతూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు పనికి వెళ్ళాడు. కోడలు మంచినీళ్ళిచ్చింది. ఎలా పోయాడని అడిగితే చెప్పింది. రస్కులు, నిమ్మచెక్కలు, స్టాపులు, అన్నీ చెప్పింది. వంతెన, టీ కొట్టు, రాళ్ళ క్వారీ అనగానే అతను తలాడించాడు.

"నాకు రోజూ వినబడేవే అవి. వాడు మెట్టు మీద నిలబడి పైకే అనుకునేవాడు. వంతెన దాటాం, క్వారీ దాటాం అని."

"ప్రయాణికులకి కదా బాబాయ్?"

"ప్రయాణికులకెందుకమ్మా? తనకే." డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. "మీకు చెప్పలేదా? వాడికి బస్సు పడదు. మొదటి ట్రిప్పు నుంచి ఆఖరి ట్రిప్పు దాకా పడలేదు. వెనక సీట్లో కూర్చుంటే ఒక్క మలుపు కూడా ఆగలేడు. అందుకే ఆ తలుపు. పై ఊళ్ళో బండి ఆపగానే వెనక్కి పోయి కక్కొచ్చి, మొహం కడుక్కుని, చొక్కా సర్దుకుని వచ్చేవాడు. అప్పుడు మళ్ళీ టికెట్లు."

ఆమె అతని ఎదురుగా కూర్చుంది. "రూటు మార్పించుకోవచ్చుగా?"

"మైదానం రూట్ల బళ్ళన్నీ రాత్రికి అవతలి ఊళ్ళోనే ఆగిపోయేవి. ఈ బండి ఒక్కటే సాయంత్రానికి తిరిగొచ్చేది. అప్పటికి మీ అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు, మీ ఆయన ఇంత పిల్లాడు. ఎవరికైనా తెలిస్తే డిపోలో నవ్వుతారని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నిమ్మకాయ కూడా తన కోసమే. ఎవరైనా చూస్తే, పిల్లలకివ్వడానికి అనేవాడు. తర్వాత్తర్వాత నిజంగానే పిల్లలకిచ్చేవాడనుకో."

అతను గ్లాసందుకుని మిగిలిన నీళ్ళు తాగాడు.

"నన్ను సగంబ్రేకు అని తిట్టేవాళ్ళు కదమ్మా, మలుపు రాకుండానే స్లో చేస్తానని. నేను బ్రేకు వేసేది రోడ్డు చూసి కాదు. అద్దంలో వాడి మొహం చూసి."